అందిందని చెప్పాను

మా ఇంట్లో బట్టల బీరువా పక్కన ఒక ఎర్ర బల్బు ఉంది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. నేను నడిపే సర్వర్ ప్రోగ్రామ్ పడిపోతే అది వెలగాలని నేనే తీగలు కలిపి పెట్టాను. ఇప్పుడు వెలగడం లేదు. పడిపోవడానికి కారణమేమిటో దొరికింది, సరిచేశాను. అయినా రోజూ ఉదయం ఆరున్నరకు కాఫీ గ్లాసు పట్టుకుని దాని వైపు చూడకుండా ఉండలేను. వెలగలేదని తెలిశాక ఊపిరి తేలికపడాలి కదా, పడదు.

సర్వర్ అంటే పెద్ద మాట. నేనొక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మనిషిని. అక్కడ పాతదని పక్కన పడేసిన ఒక డబ్బాను అడిగి వాషర్‌మెన్‌పేటలోని మా మేడ మీది ఇంటికి తెచ్చుకున్నాను. పదకొండేళ్ళ కిందటి మాట. దాని మీద ఒక న్యూస్‌గ్రూప్ నడుపుతున్నాను. తెలియనివాళ్ళు దాన్ని ఒక నోటీసు బోర్డు అనుకోవచ్చు. ఎవరైనా ఉత్తరం రాసి పంపితే సర్వర్ అందుకుంటుంది, అందిందని పంపినవాళ్ళకు చెబుతుంది, బోర్డు మీద పెడుతుంది. మిగతావాళ్ళు ఎవరింట్లో వాళ్ళు తీరిగ్గా చదువుకుంటారు. బొమ్మలుండవు, చప్పుడుండదు. ఫోన్లలో గ్రూపులు వచ్చాక ఇలాంటివి దాదాపు మాయమైపోయాయి. మేం పద్నాలుగు మందిమి మాత్రం వదల్లేదు. బోర్డు నడిపే ప్రోగ్రామ్ కూడా నేను రాసిందే. అదొక గర్వం నాకు. ఆ గర్వం గురించి ముందు ముందు చెప్పాల్సి వస్తుంది.

మేమంతా షార్ట్‌వేవ్ రేడియో వినేవాళ్ళం. దూర దేశాల స్టేషన్లు గాలిలో కొట్టుకుంటూ వచ్చి మన సెట్టులో ఒక నిమిషం పలికి పోతాయి. ఆ నిమిషం కోసం గంటలు కూర్చుంటాం. విన్నది ఏ వేళకు విన్నాం, ఎంత గట్టిగా వినపడింది, ఏం పలికారు అన్నది రాసి ఆ స్టేషన్‌కు పంపుతాం. వాళ్ళు సరిచూసుకుని, నిజమేనని ఒక కార్డు పంపుతారు. మా సరదా అంతా ఆ కార్డులోనే ఉంది. అందుకని మాకు ఒకటే నియమం: విననిది విన్నానని రాయకూడదు. దొంగతనం చేసినవాణ్ణైనా మా గుంపు భరిస్తుందేమో గాని, విననిది రాసినవాణ్ణి భరించదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. బోర్డు మీద ఎవరు ఏం రాసినా, ముందు చదివినవాళ్ళు కింద ‘విన్నాం’ అని ఒక్క మాట పెట్టాలి. తర్వాత తీరిక ఉంటే మాట్లాడుకోవచ్చు. మా గుంపులో పేర్లు కూడా వాడం. ఎక్కడ కూర్చుని వింటారో ఆ చోటే పేరు. నేను వాషర్‌మెన్‌పేటను. మైలాపూరులో రిటైరైన టీచరమ్మ మైలాపూరు. ఈ కథ ఎవరిదో ఆయన మాధవరం.

ఆయన పాల కాలనీలో ఉండేవారు. పాలు చల్లబరిచే యంత్రాల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆ యంత్రాల హోరుకు ఒక చెవి సగం పోయిందని, రెండో చెవి దానికోసం కూడా పనిచేస్తోందని చెప్పేవారు. మా లాగే తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఇంట్లో పిల్లలు తమిళంలోకి జారిపోయారు. తెలుగు అక్షరాలు రాసే చోటు ఆయనకు మా బోర్డు ఒక్కటే. అది నాకు తెలుసు. తెలిసీ చేశాను గనుకనే ఇదంతా రాస్తున్నాను.

ఒక్కసారి మా ఇంటికి వచ్చారు. సర్వర్‌ను కళ్ళతో చూడాలని రెండు బస్సులు మారి వచ్చారు. బీరువా పక్కన ఆ డబ్బాను చూసి నోరు తెరిచారు.

‘ఇదేనా అబ్బయ్యా? నేను ఇది ఏదో గాజు మేడలో ఉండాదనుకున్నా. పక్కన చీరలు ఉండాయే!’

మా ఆవిడ కాఫీ తెస్తూ అంది: ‘చీరలకే చోటు లేదు అన్నా ఈ ఇంట్లో. దానికి మాత్రం ఫ్యాను, దీపం అన్నీ ఉండాయి. దీపం వెలిగితే ఈయన పోయి ఆడ కూర్చుంటాడు. పూజ ఒక్కటే తక్కువ.’

‘పూజ కూడా చేయించమ్మా. మేము పద్నాలుగు మంది దాంట్లో కాపరం ఉండాం గదా’ అన్నారాయన. కదిలే ముందు డబ్బా మీద అరచేయి పెట్టి, అది పనిచేసే అదురును కాసేపు అలా పట్టి చూశారు. యంత్రాల మనిషి. వెచ్చగా ఉంది, ఫ్యాను తుడువు అని చెప్పి వెళ్ళారు. నేను తుడవలేదు.

పోయిన సంవత్సరం వానలు మొదలయ్యే ముందు ఆయన బోర్డు మీద ఒక నివేదిక పెట్టారు. సముద్రానికి అవతల ఎక్కడో చిన్న దీవి. దాని స్టేషన్ మా ఎవరికీ ఇంతవరకు అందలేదు. దాన్ని విన్నానని, సాయంత్రం ఐదూ యాభైకి విన్నానని, మొదట ఏదో తీగ వాద్యం, తర్వాత ఒక ఆడమనిషి గొంతు, తర్వాత గాలి అని రాశారు. ఆయన సంతోషం అక్షరాల్లో కనిపిస్తోంది. మూడు చోట్ల ఒకే మాట రెండుసార్లు కొట్టారు.

అందరూ ‘విన్నాం’ అన్నారు. నేను అనలేదు. ఆ స్టేషన్ ప్రసార వేళల పట్టిక తీసి చూశాను. మన వేళ ప్రకారం సాయంత్రం ఆరున్నరకు గాని అది మొదలు కాదు. ఐదూ యాభైకి అక్కడ అసలు ఏమీ లేదు. మర్యాదగానే రాశాను. ఆ మర్యాద ఇప్పటికీ బోర్డు మీద ఉంది: ‘అన్నా, ఆ వేళకు ఆ స్టేషన్ మొదలు కాలేదు. వినాలని మనసు పడ్డది కూడా ఒక్కోసారి వినపడుతుంది. తప్పేమీ లేదు, నివేదిక వెనక్కి తీసుకుంటే సరిపోతుంది.’

ఆయన వెంటనే రాశారు: ‘నా చెవితో విన్నా అబ్బయ్యా. తీసుకోను.’

మైలాపూరు టీచరమ్మ మధ్యలో వచ్చి, ‘ఇద్దరూ కాస్త నీళ్ళు తాగండి, నాలుగు రోజులు పోనిండి’ అని రాసింది. సరేనని ఆగాం. ఆ నాలుగు రోజుల్లోనే సర్వర్ పడిపోవడం మొదలైంది.

మొదటి రోజు ఉదయం ఆరున్నరకు బల్బు వెలిగింది. ప్రోగ్రామ్‌ను మళ్ళీ లేపాను. రోజంతా బాగానే నడిచింది. మర్నాడు అదే వేళకు మళ్ళీ వెలిగింది. మూడో రోజూ అంతే. ఆరున్నరకు నా ప్రోగ్రామ్ ఒక పని చేస్తుంది, పాత ఉత్తరాలను సర్ది చెత్త ఊడుస్తుంది. ఊడుస్తూ ఊడుస్తూ పడిపోతోంది. ఊడ్చే భాగాన్ని పది సార్లు చదివాను, తప్పు లేదు. కరెంటు సరిగా లేదేమోనని వేరే ప్లగ్గుకు మార్చాను. ఎండకు వేడెక్కిందేమోనని మూత తీసి ఫ్యాను ఎదురుగా పెట్టాను. మెమరీ ముక్కలు ఊడదీసి, రబ్బరుతో తుడిచి, మళ్ళీ బిగించాను. పడిపోయే తప్పు పడిపోయే చోట ఉండదని నా ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెబుతుంటాను. నా ఇంట్లో ఆ మాట నాకే గుర్తు రాలేదు. నేను రాసిన దాంట్లో తప్పుంటుందని ఒప్పుకోవాల్సి వస్తుందని, గుర్తు తెచ్చుకోలేదేమో.

‘మీ దేవుడు రోజూ కాఫీ వేళకే మూర్ఛపోతాండాడే. డికాషన్ ఇచ్చి చూడండి’ అంది మా ఆవిడ.

చివరికి లాగ్ ఫైలు చూస్తే ఒకటి కనబడింది. సర్వర్ చేసిన ప్రతి పనీ వేళతో సహా అందులో రాసుకుంటుంది. పడిపోయిన ప్రతి రోజూ, అంతకుముందు సాయంత్రం ఒక ఉత్తరం వచ్చి ఉంది. ఆ ఉత్తరం మీద తేదీ దాదాపు పదిహేనేళ్ళ కిందటి జనవరి ఒకటి. మా బోర్డు పుట్టకముందు తేదీ. అలాంటి ఉత్తరం వచ్చిన మర్నాడే పడిపోతోంది.

అప్పుడు చేయాల్సింది ఏమిటో నాకు తెలుసు. ఆ తేదీ నా ప్రోగ్రామ్‌లో ఎక్కడ ఎలా పాడుచేస్తోందో వెతకాలి. ఒక ఆదివారం పట్టేది. నేను దానికి బదులు ప్రోగ్రామ్‌లో రెండు వరసలు రాశాను. బోర్డు పుట్టకముందు తేదీ ఉన్న ఉత్తరం వస్తే దాన్ని ‘గుంట’ అనే ఫోల్డర్‌లో పడెయ్యమన్నాను. అప్పటికే వచ్చినవాటినీ అందులోకే తోశాను. పంపినవాళ్ళకు మాత్రం అందిందని చెప్పమన్నాను. అందలేదని చెబితే పంపే యంత్రం ఊరుకోదు, ఐదేసి నిమిషాలకు మళ్ళీ మళ్ళీ తలుపు కొడుతూనే ఉంటుంది. అందిందంటే నోరు మూసుకుంటుంది. ఈ పని చేసేవాళ్ళలో చాలామందికి తెలిసిన కిటుకే ఇది. దొంగ ప్రకటనలు పంపేవాళ్ళను అలాగే వదిలించుకుంటారు.

మర్నాడు ఆరున్నరకు బల్బు వెలగలేదు. కాఫీ చాలా రుచిగా ఉంది.

తర్వాత మాధవరం బోర్డు మీద కనిపించలేదు. వారం చూశాం, రెండు వారాలు చూశాం. మైలాపూరు టీచరమ్మ, ‘అలిగినట్టుండాడు. నువ్వు ఆ మాట అనకుండా ఉండాల్సింది’ అని నాకు విడిగా రాసింది. అలక తీరితే ఆయనే వస్తారులే అన్నాను. గుంపంతా అదే అనుకుంది.

వానాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశారు. నేను ఆఫీసు మెట్ల మీద ఉన్నాను.

‘ఏం అబ్బయ్యా, బాగుండారా అందరూ?’

‘బాగున్నాం అన్నా. మీరు?’

‘ఉండా. వానకు ఏరియల్ తీగ పడిపోయింది, కట్టినా. బోర్డు... బాగా నడస్తా ఉండాదా?’

‘ఇప్పుడు బాగుందన్నా. మధ్యలో రోజూ పడిపోయేది. సరిచేశాను.’

‘సరిచేసినావా. మంచిది. నేను చదవతా ఉండా, రోజూ. అందరూ రాసేది చదవతా ఉండా.’

‘మీరూ రాయండన్నా’ అన్నాను నేను.

ఆయన, ‘సరి అబ్బయ్యా. పనిలో ఉంటావు. పెట్టేస్తా’ అన్నారు.

మీరూ రాయండన్నా. ఆ మాట నేను అన్నాను. రెండే పదాలు. ఇప్పటికీ ఆఫీసు మెట్లు ఎక్కేటప్పుడు ఆ ఒక్క మెట్టును దాటి కాలు వేస్తాను.

చలి పోయి ఎండ మొదలైన రోజుల్లో ఆయన నంబరు నుంచే మళ్ళీ ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు.

‘సార్, వాషర్‌మెన్‌పేట అంటే మీరేనా? ఫోన్‌లో అట్లే రాసి పెట్టుకోనుండారు. నేను ఆయన కూతురు. నాన్న పోయి మూడు వారాలయింది సార్. గుండె. నిద్రలోనే.’

ఏదో అన్నాను. అందరూ అనేదే.

‘ఒక్క సాయం కావాల సార్. చివరి దినాల్లో రోజూ సాయంత్రం ల్యాప్‌టాప్ ముందర కూర్చోని మీ గుంపుకు ఏదో రాస్తా ఉండె. రాసేది, చూసేది, రాసేది, చూసేది. ఏం నాన్నా అంటే ఏం లేదనేది. అదంతా మీ దగ్గర ఉంటుంది గదా. నాకు మాట్లాడేదే గాని తెలుగు చదివేది రాదు సార్, తమిళ మీడియం. మీరు ఒకనాడు వచ్చి చదివి వినిపిస్తారా? ఆయన ఏం చెప్పినారో తెలుసుకోవాలని ఉండాది. అంతే.’

‘వస్తానమ్మా’ అన్నాను. ఫోన్ పెట్టాక ఒక్కసారిగా తట్టింది. రోజూ రాసేవారా? బోర్డు మీద ఆయన ఉత్తరం చూసి ఏడు నెలలైంది.

గుంట తెరిచాను. అందులో పందొమ్మిది ఉన్నాయి. పందొమ్మిదీ మాధవరం నుంచి వచ్చినవే. పందొమ్మిదింటి మీదా అదే పాత జనవరి ఒకటి.

ఆ రోజు ఒక్కటీ చదవలేకపోయాను. వాటిని ముందు బోర్డు మీదికి తేవాలనుకున్నాను. నా రెండు వరసలు తీసేసి ఉత్తరాలను లోపలికి పంపాను. ఉదయం ఆరున్నరకు ఎర్ర బల్బు వెలిగింది. చనిపోయిన మనిషి ఉత్తరాలు ఇంట్లో అడుగు పెట్టగానే దీపం వెలిగినట్టు అనిపించింది. భయం వేసింది, నిజంగానే. మా ఆవిడ కూడా ఆ రోజు ఏమీ ఎగతాళి చేయలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఈసారి కూర్చున్నాను. ఆదివారం కూడా పట్టలేదు, రెండున్నర గంటలు పట్టింది. నా ప్రోగ్రామ్ ప్రతి ఉత్తరాన్నీ తేదీని బట్టి ఒక అరలో పెడుతుంది. బోర్డు పుట్టిన రోజు మొదటి అర, మర్నాడు రెండోది, అలా. అంతకుముందు తేదీ వస్తే ఏ అరలో పెట్టాలో నేను చెప్పలేదు. అలాంటిది వస్తుందని అనుకోలేదు. దాంతో అది వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయి, అరలే లేని చోట, వేరే సరుకున్న చోట ఉత్తరాన్ని కుక్కింది. అప్పటికేమీ కాదు. మర్నాడు ఊడ్చేవేళ ఆ చోటికి వచ్చి కూలబడుతుంది. తప్పు సాయంత్రం జరిగితే పడిపోవడం ఉదయం. ఒక్క వరస మార్చితే సరిపోయింది. ఆ ఒక్క వరసకు బదులు నేను రెండు వరసలు రాసి, ఒక మనిషిని గుంటలో పెట్టాను.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. మీద తేదీలు అబద్ధం గనుక ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. నా లాగ్‌లో సర్వర్ ‘అందింది’ అని చెప్పిన వేళలు మాత్రం నిజం. వాటిని పట్టి వరసగా పేర్చుకున్నాను.

మొదటిది నా మాటకు జవాబు. ‘వాషర్‌మెన్‌పేట అబ్బయ్యా, నువ్వు చెప్పినాక పట్టిక నేనూ చూసినా. నువ్వు చెప్పిన వేళ నిజమే. నేను విన్నదీ నిజమే. ల్యాప్‌టాప్ మూలలో వేళ చూసి రాసినా. ఆడ ఏమన్నా తేడా ఉండాదేమో చూడు, నీకు తెలుస్తాది.’

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ల్యాప్‌టాప్ గడియారం. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోతూ ఉంటే గడియారం మొదట వెనకబడుతుంది, తర్వాత పూర్తిగా ఆగి, ల్యాప్‌టాప్ తయారైన సంవత్సరానికి వెళ్ళిపోతుంది. నెట్ నుంచి సరైన వేళ తెచ్చుకునే పని ఆ పాత వాటిలో ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. దీవి స్టేషన్ ఆరున్నరకు మొదలైంది. ఆయన దాని మొదటి తీగ వాద్యాన్నే విన్నారు. గడియారం నలభై నిమిషాలు వెనక ఉంది. కొన్ని రోజులకే అది పూర్తిగా చచ్చి, ఉత్తరాల మీద పాత జనవరి ఒకటి పడింది. నా సర్వర్‌ను పడేసిన తేదీ, ఆయన నిజం చెప్పారనడానికి సాక్ష్యం కూడా. అది నా చేతికే వచ్చింది.

తర్వాతి ఉత్తరాలు చిన్నవి. ‘అందింది అంటాది, బోర్డు మీద లేదు. తీసేసినావా?’ ఇంకొకటి: ‘తీసేసే చేయి నీదొక్కటే గదా అబ్బయ్యా. తీసినావంటే ఒక మాట చెప్పు, ఊరికే తీయబాకు.’ ఫోన్ చేసిన సాయంత్రం రాసింది ఇది: ‘రాయమన్నావు. రాసినా.’

పన్నెండోది చదివి కంప్యూటర్ ఆపేసి బయటికి వెళ్ళి, మార్కెట్ వీధిలో ఆ చివరి దాకా నడిచి వచ్చాను. అందులో ఇలా ఉంది: ‘సరి. ఆ దీవి స్టేషన్ నేను వినలా. చెవి పోయినోడు, వయసైనోడు, ఏదో అనుకోని రాసేసినా. నివేదిక వెనక్కి తీసుకుంటా ఉండా. ఇప్పుడన్నా బోర్డు మీద పెట్టు.’ విన్నదాన్ని వినలేదని రాశారు. ఒక్క ‘విన్నాం’ కోసం. మా గుంపులో అంతకంటే పెద్ద అబద్ధం లేదు, దాన్ని ఆయన చేత నేను రాయించాను.

ఆ తర్వాత ఏడు ఉత్తరాలు ఉన్నాయి. వాటిలో కోపం లేదు, అడగడం లేదు. స్టేషన్లకు రాసే పద్ధతిలోనే మా గుంపు మీద నివేదికలు రాశారు. ‘స్టేషన్: మన గుంపు. వేళ: సాయంత్రం ఆరు, చేతి గడియారం ప్రకారం. వినపడిన బలం: సున్నా. వివరం: మిగతావాళ్ళ గొంతులు బాగా వినపడతా ఉండాయి. నా గొంతు నాకు వినపడలా. రేపు మళ్ళీ చూస్తా.’ ఏడూ అంతే. వేళ ఒక్కటే మారుతుంది. చివరిది ఆయన పోవడానికి రెండు రోజుల ముందుది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఇంతవరకు నేను రాసినదాన్ని బట్టి, చూడకుండా చేసిన తప్పు అనుకోవచ్చు ఎవరైనా. కాదు. రెండు వరసలు రాసిన రోజు, ఆ పాత తేదీ ఉత్తరం ఎవరిదో నేను తెరిచి చూశాను. పంపిన చోటు: మాధవరం. ‘నువ్వు చెప్పినాక’ అన్న మాట దాకా చదివాను. మళ్ళీ వాదన పెట్టుకున్నాడని అనుకున్నాను. ఆదివారం చూద్దామని మూసేశాను. మూసినప్పుడు లోపల ఒక సుఖం కలిగింది. బోర్డు మీద చివరి మాట నాదిగా మిగిలింది. ఆ ఆదివారం వచ్చింది, వెళ్ళింది. అలాంటివి ముప్పై వచ్చి వెళ్ళాయి. ఫోన్ చేసినప్పుడు కూడా, మీరూ రాయండని అన్నప్పుడు, ఆ గుంట సంగతి ఎక్కడో అడుగున కదిలింది. కదలనివ్వలేదు.

ఆమెకు తెలుగు చదవడం రాదు. ఆ ఒక్క సంగతి మాధవరం వెళ్ళే దాకా నన్ను వదల్లేదు. ఉత్తరాలన్నీ ప్రింటు తీసి ఒక కవరులో పెట్టాను. నాలుగు కాగితాలను విడిగా తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను: తీసేసినావా అన్నది, చేయి నీదొక్కటే అన్నది, రాయమన్నావు రాసినా అన్నది, వెనక్కి తీసుకుంటున్నా అన్నది. అవి లేకపోతే మిగిలినవి ఒక ముసలాయన రేడియో కబుర్లు. యంత్రం పాడైంది, ఉత్తరాలు ఆలస్యమయ్యాయి అంటే ఆమె నమ్మేది. బస్సులో జేబు మీద చేయి పెట్టుకునే కూర్చున్నాను.

పాల కాలనీలో ఇల్లు చిన్నది. రేడియో కిటికీ దగ్గర ఉంది, పైన ఆయన మడిచి పెట్టిన తుండుగుడ్డ. ఆమె ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది, సగం రోజు సెలవు పెట్టి నా కోసం ఆగింది. ఫిల్టర్ కాఫీ ఇచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టింది. మూలలో జనవరి ఒకటి, పాత సంవత్సరం.

‘కొన్నాళ్ళ నుంచి అది అంతే సార్. ఆన్ చేస్తే ఆ సంవత్సరమే చూపిస్తాది. నాన్న నగతా ఉండె. చూడమ్మా, ఈ పెట్టెలో మీ అమ్మ ఇంకా బతికే ఉండాది అని.’

నేను కాఫీ కింద పెట్టాను.

‘చదవండి సార్’ అంది, నేల మీద కూర్చుంటూ.

మొదటిది చదివాను. రెండోది, మూడోది, నాలుగోది జేబులో ఉన్నాయి. కవరులోంచి ఐదోది తీసి మొదలుపెట్టాను. రెండు మాటలు చదివానో లేదో ఆమె అడ్డం వచ్చింది.

‘ఉండండి. ముందర దాంట్లో, ఆడ తేడా ఉండాదేమో చూడు అన్నారు గదా నాన్న. మీరేమని చెప్పినారు దానికి?’

ఆమె నన్ను పట్టుకోవడానికి అడగలేదు. కథ వింటున్నవాళ్ళు తర్వాతేమైందని అడిగినట్టు అడిగింది. ఆ ప్రశ్నకు అబద్ధంతో జవాబు చెప్పడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. నోటి దాకా వచ్చాయి. ఆయన మా ఇంట్లో డబ్బా మీద అరచేయి పెట్టి అదురు పట్టి చూడటం గుర్తొచ్చింది. ఎందుకో తెలియదు. జేబులోంచి నాలుగు కాగితాలూ తీసి, వాటి చోట్లలో పెట్టాను. ఆమె చూస్తూనే ఉంది.

‘ఏమీ చెప్పలేదమ్మా. చదవలేదు. నేనే పక్కన పడేశాను. మొదటి నుంచి చెబుతాను’ అన్నాను.

చెప్పాను. తర్వాత పందొమ్మిదీ చదివాను. ‘తీయబాకు’ అన్న చోట నా గొంతు ఆయన గొంతులా పలికింది, నేను కావాలని చేయలేదు. పన్నెండోది అయ్యాక ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, చాలాసేపటికి వచ్చి కూర్చుంది. మిగతా ఏడూ కదలకుండా విన్నది.

‘ఫోన్ కూడా చేసినారు గదా మీకు’ అంది చివర.

‘చేశారు.’

‘అప్పుడన్నా అడిగుండాల్సింది ఆయన. అడగరు. అడిగే మనిషి కాదు.’ తర్వాత నా వైపు చూసి, ‘మీరన్నా చెప్పుండాల’ అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

నేను చేతులు జోడించబోతే ఆపింది. ‘అదంతా వద్దు సార్. మీ గుంపులో ఏదో అలవాటు ఉండాదంటనే, చదివినోళ్ళు ఒక మాట పెట్టేది. నాన్న చెప్పేది. ఈ పందొమ్మిదీ బోర్డు మీద పెట్టండి. ఒక్కోదాని కింద జవాబు రాయండి. విన్నామని రాయబాకండి. అప్పుడు వినలేదని రాయండి. ఎందుకు వినలేదో కూడా రాయండి. అందరూ చూసేటట్టు.’

‘తేదీలు సరిచేసి పెడతాను’ అన్నాను.

ఆమె ల్యాప్‌టాప్ వైపు చూసింది. ‘వద్దు. అట్లే ఉండనిండి.’

అందుకని మా బోర్డు తెరిస్తే ఇప్పుడు అన్నిటికంటే ముందు కనిపించేవి ఆయన ఉత్తరాలే, బోర్డు పుట్టకముందు తేదీతో. మైలాపూరు టీచరమ్మ అన్నీ చదివి, నాకు విడిగా ఒక్క వరస రాసింది: ‘ఏడు నెలలు ఆయన అలిగినాడని నేను అనుకునేటట్టు చేసినావు.’ తర్వాత నాతో మాట్లాడలేదు. బోర్డు మీద మాత్రం రాస్తూనే ఉంది. దీవి స్టేషన్‌కు ఆయన నివేదికను సరైన వేళతో నేను పంపాను. ఇంకా కార్డు రాలేదు. రోజూ తలుపు సందులో చూస్తున్నాను.

ఒక్కో ఉత్తరం కింద జవాబు రాయడానికి నాకు ఒక్కో రోజు పట్టింది. పద్దెనిమిది అయ్యాయి. చివరిదాని దగ్గర ఆగిపోయాను. వినపడిన బలం సున్నా, రేపు మళ్ళీ చూస్తా, అన్నదానికి ఏం రాయాలి? వారం తర్వాత, స్టేషన్లు శ్రోతలకు రాసే పద్ధతిలోనే రాశాను: ‘మాధవరం శ్రోతకు. మీ నివేదిక సరిచూశాం. మీరు రాసింది నిజం. ఆ వేళ మీ గొంతు బోర్డు మీద లేదు. ఆపింది వాషర్‌మెన్‌పేట. దీవి స్టేషన్ మీద మీ మొదటి నివేదిక కూడా నిజం. మీరు విన్నారు.’

పంపాను. అందింది అంది సర్వర్. ఆ మాట నేనే దానికి నేర్పాను గనుక నమ్మలేదు. బోర్డు తెరిచి, ఆ పాత జనవరి ఒకటి దాకా వెళ్ళి, ఆయన చివరి ఉత్తరం కింద నా జవాబు ఉందో లేదో కళ్ళతో చూసుకున్నాను. ఉంది.